పురుళ్ళాసుపత్రి రోడ్డులో ఎనిమిది శాతం

వేల్పులంక చేసిన తప్పల్లా ఒకటే. పైవాళ్ళు చెప్పిన మాట విన్నది.

నాలుగేళ్ళ కిందట ప్లాస్టిక్ కవర్లు మానెయ్యమని ఉత్తర్వు వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏం చెయ్యాలో అదే చేశాయి. ర్యాలీ తీశాయి, ప్రతిజ్ఞ చదివాయి, ఫోటో దిగాయి, ఆ సాయంత్రమే మిరపకాయ బజ్జీలు కవర్లో కట్టించుకుని ఇళ్ళకి పోయాయి. వేల్పులంక మాత్రం నిజంగానే మానేసింది. దానికి కారణం పంపన నాగరత్నం. ఆవిడ ఇరవైమంది ఆడవాళ్ళని పోగేసి పాత చీరలతో, పాత లుంగీలతో సంచులు కుట్టించింది. గిన్నె తేనివాడికి చేప అమ్మనివ్వలేదు. ఒక టిఫిను కొట్టాయన కవర్లో చట్నీ పోస్తే, ఆ కవరు చట్నీ అంతా ఆయన చేతే తాగించిందని చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గానీ, ఏడాది తిరిగేసరికి వేల్పులంకలో ఎక్కడైనా ఒక కవరు గాలికి లేస్తే జనం తలెత్తి చూసేవారు. పురపాలక సంఘానికి ప్రశంసాపత్రం వచ్చింది. కమిషనరు కుర్చీ వెనక గోడకి దాన్ని బిగించారు.

కడియాల త్రిమూర్తులు ఆ పురపాలక సంఘంలో అసిస్టెంటు ఇంజనీరు. యాభై ఆరేళ్ళ మనిషి. మెత్తనివాడు, లెక్క తప్పనివాడు. రిటైరయ్యేలోగా ఆయనకున్న కోరిక ఒకటే, పురుళ్ళాసుపత్రి రోడ్డు వెయ్యాలని. బస్టాండు దగ్గర మొదలై ఆసుపత్రి గేటు దాకా పన్నెండు వందల పది మీటర్లు. దాన్ని రోడ్డు అనడం మర్యాద కొద్దీ అనడమే. నెలలు నిండినవాళ్ళు ఆ దారిన ఆటో ఎక్కితే నొప్పులొస్తాయనీ, నిండనివాళ్ళెక్కితే నెలలే నిండిపోతాయనీ ఊళ్ళో అనుకునేవారు. ఆసుపత్రి చేరకుండా ఆటోలోనే పుట్టిన పిల్లలు అప్పటికి తొమ్మిదిమంది. అందులో ఒకడు బతకలేదు. ఆ ఒక్కణ్ణీ త్రిమూర్తులు మరిచిపోలేకపోయాడు.

ఏడుసార్లు ఎస్టిమేటు వేసి పంపాడు, ఏడుసార్లూ తిరిగొచ్చింది. ఎనిమిదోసారి మంజూరైంది. దానితోపాటు పద్నాలుగు పేజీల కొత్త ఉత్తర్వు ఒకటి కుట్టి పంపారు. ఇకమీదట ఏ పట్టణంలోనూ తారు రోడ్డు వేస్తే తారు బరువులో ఎనిమిది శాతం వ్యర్థ ప్లాస్టిక్ కలపకుండా వెయ్యకూడదు. ఆ ప్లాస్టిక్ ఆ పట్టణ పౌరులే వాడి, వాళ్ళే పారేసినదై ఉండాలి. బయటినుంచి తేకూడదు.

త్రిమూర్తులుకి మొదట సంతోషమే వేసింది. పద్ధతి మంచిదని ఆయనకి తెలుసు. ఒకసారి శిక్షణకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాడు. తరిగిన ప్లాస్టిక్ ముక్కల్ని వేడి కంకర మీద చల్లితే కరిగి ప్రతి రాయికీ తొడుగులా పట్టేస్తుంది. దాని మీద తారు గట్టిగా అతుక్కుంటుంది. ఇక వాన నీరు లోపలికి దిగదు. చెత్తకి చెత్తా పోతుంది, రోడ్డుకి రోడ్డూ నిలుస్తుంది. ఆ ఉత్సాహంలో పెన్సిలు తీసి లెక్క కట్టాడు. తారు పంతొమ్మిది టన్నులు. ఎనిమిది శాతం అంటే పదిహేను వందల ఇరవై కిలోలు.

లేచి శానిటరీ ఇన్స్పెక్టరు బాపిరాజు గదికి వెళ్ళాడు.

"బాపిరాజుగారూ, మన ఊళ్ళో నెలకి ప్లాస్టిక్ చెత్త ఎంతొస్తోంది?"

బాపిరాజు మీసం దువ్వుకున్నాడు. "పదకొండు కిలోలండి. అందులోనూ నాలుగు కిలోలు మనది కాదండి. పెళ్ళికొచ్చిన పొరుగూరి వాళ్ళు పారేసిపోయింది."

త్రిమూర్తులు నోటితోనే లెక్క వేసుకున్నాడు. పదకొండున్నర ఏళ్ళు.

తమ పట్టణంలో ప్లాస్టిక్ వ్యర్థాలు లేనందున మినహాయింపు ఇప్పించవలసిందని పైకి రాశాడు. ప్రశంసాపత్రం నకలు కూడా జతపరిచాడు. పదిరోజుల్లో జవాబొచ్చింది.

"సదరు పట్టణమున ప్లాస్టిక్ వ్యర్థములు లేవనుట సేకరణయందు సిబ్బంది అలసత్వమును తెలియజేయుచున్నది. వ్యర్థములు లేని పట్టణము ఉండజాలదు. లభ్యత లేదను కారణము ఇకపై స్వీకరింపబడదు. ప్రశంసాపత్రము నకలు ఈ విషయమునకు సంబంధించినది కానందున త్రిప్పి పంపడమైనది."

కమిషనరు విఠల్‌ప్రసాద్ ఆ జవాబు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన ఊరికి కొత్త. ప్రతి మాటనీ శిలాశాసనం చెక్కిస్తున్నట్టు పలుకుతాడు.

"త్రిమూర్తులుగారూ, పరిపాలనలో 'లేదు' అనే స్థితి ఉండదు. 'సేకరణ దశలో ఉన్నది' అనే స్థితి ఉంటుంది. మీరు వాస్తవం రాశారు. అది మీ పొరపాటు."

పొరుగు మునిసిపాలిటీ వాళ్ళు ఊరి చివర చెత్త గుట్టలు పోస్తారు. బయటినుంచి తేకూడదని ఉత్తర్వులో ఉన్నా, కాస్త బతిమాలితే చూసీచూడనట్టు ఇస్తారేమోనన్న ఆశతో త్రిమూర్తులు వెళ్ళాడు. అంతకుముందు ఆ గుట్టల పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ముక్కు మూసుకుని పరిగెత్తేవారు. ఇప్పుడు చుట్టూ ముళ్ళకంచె, గేటుకి తాళం, కర్ర పట్టుకుని కాపలావాడు. అక్కడి ఇంజనీరు బంగారు కొట్టు యజమానిలా తలుపు ఓరగా తీశాడు. "మాకు పదమూడు రోడ్లు శాంక్షనయ్యాయండి. మా చెత్త మాకే చాలట్లేదు. అన్నదమ్ముల్లాంటి వాళ్ళం, ఏమీ అనుకోకండి" అని తలుపేసేశాడు.

త్రిమూర్తులు ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి విఠల్‌ప్రసాద్ సమీక్షా సమావేశం పెట్టాడు.

"సమస్యను మూలం నుంచి పరిశీలిద్దాం. వ్యర్థం ఎందుకు లేదు? వాడకం లేదు కనుక. వాడకం ఎందుకు లేదు? అలవాటు నశించింది కనుక. కావున నశించిన అలవాటును ప్రజలలో పునరుద్ధరించడమే మన తక్షణ కర్తవ్యం. దీనికి పట్టణ ప్లాస్టిక్ పునరుజ్జీవన కార్యక్రమం అని నామకరణం చేస్తున్నాను."

"అంటే… కవర్లు కొని జనానికి పంచుతామాండి?" త్రిమూర్తులు అడిగాడు.

"కొని పంచడం కాదు. ముడిసరుకును పౌరుల ద్వారా వ్యర్థీకరించడం."

బాపిరాజు 'వ్యర్థీకరించడం' అని డైరీలో రాసుకున్నాడు.

మర్నాడు నాగరత్నానికి కబురు పంపారు. ఆవిడ భుజానికి చీరముక్క సంచి తగిలించుకుని వచ్చి కూర్చుంది. కమిషనరు చెప్పిందంతా విని, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాలుగేళ్ళ కిందట ఈ కుర్సీలో కూకున్న బాబుగారు నాసేత మైకులో 'కవరు కాలనాగు' అని అరిపించేరండి. ఊరంతా తిరిగేనండి, గొంతు పోయిందండి. ఇప్పుడేమని అరవమంటారండి?"

"'కవరు కల్పవృక్షం' అనండి."

నాగరత్నం త్రిమూర్తులు వంక చూసింది. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుతూ తల వంచుకున్నాడు.

"అమ్మా, మీకు రోడ్డు కావాలా, అక్కర్లేదా?" అన్నాడు విఠల్‌ప్రసాద్.

ఆవిడ దగ్గర సంచులు కుట్టే దుర్గకి అప్పుడు అయిదో నెల. దుర్గ మొగుడు సత్తిపండు ఆటో తోలుతాడు. ఆ రోడ్డులో ఆటోలో పురుడంటే ఏమిటో అతనికి చెప్పక్కర్లేదు. తొమ్మిదింట్లో నాలుగు అతని ఆటోలోనే అయ్యాయి.

"కావాలండి," అంది నాగరత్నం. "రోడ్డు కోసం ఒప్పుకుంటన్నానండి. మనసొప్పి కాదండి."

రేషను డిపోలో కార్డుకి పది చొప్పున కొత్త కవర్లు పంచారు. నెల తిరిగాక బాపిరాజు తూకం వేశాడు. తొమ్మిది కిలోలు. అంతకుముందు నెల కన్నా రెండు తక్కువ.

ఎక్కడికి పోయాయో కనుక్కోమని త్రిమూర్తుల్ని ఇళ్ళమీదికి పంపారు. మొదటింట్లోనే సంగతి బయటపడింది. ఇంటావిడ పరుపెత్తి చూపించింది. కింద కవర్లు ఇస్త్రీ చేసినట్టు మడతలు పెట్టి ఉన్నాయి.

"కొత్త కవరు పారేత్తారేటండీ ఎవరైనా?" అందావిడ. "మా అత్తగారైతే కడిగి ఆరేత్తన్నారండి."

రెండో ఇంట్లో కవర్లన్నీ ఒక పెద్ద కవర్లో కుక్కి మేకుకి తగిలించారు. మూడో ఇంట్లో పెట్టెకి తాళం వేశారు. త్రిమూర్తులు నీరసంగా ఇంటికొచ్చి మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాడు. తలుపు వెనక వాళ్ళావిడ దాచిన కవర్ల కట్ట కనబడింది. పదీ పదే. లెక్క తప్పలేదు.

"ప్రజలకి పారవేయు నైపుణ్యం కొరవడింది," అని తేల్చాడు కమిషనరు. హైస్కూలు మైదానంలో షామియానా వేసి శిక్షణా శిబిరం పెట్టారు. విఠల్‌ప్రసాద్ వేదిక దిగి, అరటిపండు తిని, తొక్కని కవర్లో వేసి, "ఇప్పుడు గమనించండి, భుజమును సడలించి, పర్యవసానములను ఆలోచించక" అంటూ కవరు గాల్లోకి విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన ఆదరాబాదరాగా లేచి, వంగి, ఆ కవరు ఏరి, దుమ్ము దులిపి, తెచ్చి కమిషనరు చేతిలో పెట్టాడు.

"పడిపోయిందండి, బాబూ," అన్నాడు.

శిబిరంతో లాభం లేదని దండన మొదలుపెట్టారు. గుడ్డసంచితో బజారుకొచ్చిన వాళ్ళకి జరిమానా. కొత్త రసీదు పుస్తకాలు అచ్చువెయ్యడానికి వ్యవధి లేక, పాత పుస్తకంలోనే 'ప్లాస్టిక్' అన్నచోట కొట్టేసి 'గుడ్డ' అని బాపిరాజు చేత్తో రాసుకున్నాడు. నాగరత్నం సంఘం మిషన్లకి గుడ్డ కప్పేసింది. కుట్టిన సంచులు కొనేవాళ్ళు లేరు. బజారులో ఆవిడ ఎదురుపడితే త్రిమూర్తులు రోడ్డుకి ఆ పక్కకి వెళ్ళిపోయేవాడు.

ఇంకో చిక్కుంది. వీధిలో చెత్త వేస్తే జరిమానా అన్న నిబంధన ఎవరూ రద్దు చెయ్యలేదు. అది పారిశుద్ధ్యం వాళ్ళది, పారేసినవాళ్ళకి కూపన్లు పంచడం ఇంజనీరింగు వాళ్ళది. కనుక పొద్దున్న కవరు పారేసినవాడికి బాపిరాజు జరిమానా రాసేవాడు, మధ్యాహ్నం అదే మనిషికి త్రిమూర్తులు ప్రోత్సాహక కూపను ఇచ్చేవాడు. సత్తిపండుకి ఒకే కవరు మీద రెండూ వచ్చాయి. అతను రెండింటినీ ఆటో అద్దానికి అంటించాడు. ఎక్కినవాళ్ళందరూ చదివి నవ్వేవారు. చదువు రాని వాళ్ళకి అతనే చదివి వినిపించేవాడు.

భయం పనిచేసింది. వేల్పులంక నెమ్మదిగా మళ్ళీ పారెయ్యడం నేర్చుకుంది. ఒకసారి నేర్చుకున్నాక ఆపమన్నా ఆగలేదు. నాలుగు వందల కిలోలు పోగయ్యాయి. త్రిమూర్తులు నమూనా తీసి నాణ్యతా విభాగానికి పంపాడు. అది తిరిగొచ్చింది.

"నమూనాలయందు వినియోగ చిహ్నములు గోచరింపలేదు. ఇవి వ్యర్థములు కావు, వస్తువులు. వ్యర్థమనగా వినియోగానంతర మాలిన్యము కలిగినదై ఉండవలెను."

మార్కెట్టు యార్డులో ఒక షెడ్డు ఖాళీ చేయించి మాలిన్య విభాగం పెట్టారు. పని లేక కూర్చున్న నాగరత్నం సంఘం వాళ్ళనే కూలికి పిలిచారు. బానల్లో పప్పుచారు, పల్లీల చట్నీ పెట్టారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కో కవరుకీ లోపలా బయటా పూసేవారు. బాపిరాజు చూసి, వాసన చూసి, 'మలినము' అని నీలం ముద్ర కొట్టేవాడు. రెండో నమూనా పంపారు. అదీ తిరిగొచ్చింది.

"నమూనాలు మురికిగాను, తేమగాను ఉన్నందున కంకరకు అంటజాలవు. శుభ్రపరచి, ఆరబెట్టి, తరిగి పంపవలెను."

పక్క షెడ్డులో శుభ్రతా విభాగం వెలిసింది. అక్కడ కడిగి, ఆరబెట్టి, మిషనులో తరిగేవారు. త్రిమూర్తులు చూసి 'శుభ్రము' అని ఎర్ర ముద్ర కొట్టాలి. రెండు ముద్రలూ ఉంటేనే అది వ్యర్థం.

నెలలు నిండబోతున్న దుర్గ మొదటి షెడ్డులో పీట మీద కూర్చుని పప్పు పూస్తూ ఆయన్ని అడిగింది.

"సారూ, ఈ సెడ్డులో నేను పూత్తన్నానండి. ఆ సెడ్డులో మా ఆడబడుసు కడుగుతాందండి. అసలు పుయ్యకపోతే కడగక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదమ్మా," అన్నాడు త్రిమూర్తులు.

"మరెందుకండీ?"

"పుయ్యకపోతే అది చెత్త కాదు. కడక్కపోతే పనికొచ్చే చెత్త కాదు."

దుర్గ పప్పు గరిటె బాన అంచుకి కొట్టి దులిపింది. "మా అత్త ఇంతకన్నా నయవండి," అని మళ్ళీ పనిలో పడింది. త్రిమూర్తులు ఆ రోజు ఇంట్లో పప్పుచారు ముట్టుకోలేదు.

మూడో నమూనా నెగ్గింది. వానాకాలం మధ్యలో, ఒక గురువారంనాడు, తూకం పదిహేను వందల ఇరవై కిలోలు చూపించింది. ఇరవయ్యేసి కిలోల చొప్పున డెబ్భై ఆరు గోనె సంచుల్లో నింపి, మూతి కుట్టి, లక్కతో సీలు వేశారు. శనివారం ఉన్నత స్థాయి కమిటీ వచ్చి సీళ్ళు చూడాలి. అప్పుడే శంకుస్థాపన. సంచుల్ని ఆసుపత్రి రోడ్డు పక్కనే, షామియానా కింద గోపురంలా పేర్చారు.

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది.

వేల్పులంకకి వాన కొత్త కాదు. ఎంత కురిసినా రెండు గంటల్లో కాలవల్లోకి లాగేసేది. ఈసారి లాగలేదు. పోగు చేసినవి పోగు చెయ్యగా, జనం పారేసిన మిగతా కవర్లన్నీ కాలవల్లో చేరి తూములకి అడ్డంపడ్డాయి. గంటలో రోడ్డు మోకాలి లోతు నీళ్ళలో మునిగింది. ఏది గుంతో ఏది రోడ్డో తెలియలేదు.

షామియానా కొట్టుకుపోకుండా తాళ్ళు కట్టిస్తున్న త్రిమూర్తులుకి ఆటో హారను వినపడింది. ఆగకుండా మోగుతోంది. సత్తిపండు ఆటో. సరిగ్గా షామియానా ముందుకొచ్చి ముందు చక్రం లోతుగా దిగబడి ఆగిపోయింది. లోపల దుర్గ నాగరత్నం ఒళ్ళో తల పెట్టుకుని మెలికలు తిరుగుతోంది.

"సారూ! పొద్దున్నించి నెప్పులండి, ఇంక ఆగేలా లేదండి!" నాగరత్నం కేకేసింది.

ఆసుపత్రి గేటు కనబడుతూనే ఉంది. మూడొందల మీటర్లు. పదిమంది కలిసి ఆటోని పైకెత్తారు. రెండడుగులు వేశాక అది ఇంకో గుంతలో దిగబడింది. దుర్గని మోసుకెళ్దామని ఒకతను ముందుకి నడిచి చూసి, నడుం లోతులో పడి, మొహమంతా బురదతో లేచాడు.

త్రిమూర్తులు ఆ నీళ్ళకేసి చూశాడు. తర్వాత సంచులకేసి చూశాడు.

"సంచులు దింపండి," అన్నాడు.

గొడుగు కింద నిలబడ్డ విఠల్‌ప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. "త్రిమూర్తులుగారూ! అవి సీలు వేసిన ప్రభుత్వ వ్యర్థములు! కమిటీ సమక్షంలో తప్ప సీలు విప్పరాదు!"

"సీలు విప్పట్లేదండి. సంచులు సంచుల్లాగే వేస్తున్నాం."

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పై అధికారికి ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు. తనే ఒక సంచి వీపున వేసుకుని గుంతలోకి దిగాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. షెడ్డుల్లో ఆడవాళ్ళు, కొట్లవాళ్ళు, బస్టాండు జనం వరసగా నిలబడి సంచులు అందించారు. ప్లాస్టిక్ కదా, సంచులు నీళ్ళలో తేలిపోవడం మొదలుపెట్టాయి. తేలకుండా అటూ ఇటూ మనుషులు ఎక్కి నిలబడ్డారు. బాపిరాజు కూడా చెప్పులు విప్పి ఒక సంచి ఎక్కాడు. మనుషుల నడుమ, సంచుల మీదుగా, సత్తిపండు ఆటోని వెనకనుంచి ఇరవైమంది తోసుకుంటూ పోయారు.

దుర్గకి ఆసుపత్రి మంచం మీద ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని డాక్టరమ్మ గేటు దాకా వచ్చి చెప్తే, బురదలో నిలబడ్డ త్రిమూర్తులు తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా తడి పోలేదు, వాన కురుస్తూనే ఉంది.

సోమవారం ఆయన బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఛార్జి మెమో.

"రహదారి పనియందు ఎనిమిది శాతమునకు మించి, నూటికి నూరు శాతము ప్లాస్టిక్ వాడినందుకును, తారు బొత్తిగా వాడనందుకును మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో వారం దినములలో తెలుపవలెను."

రెండోది అభినందన పత్రం. శనివారం వచ్చిన కమిటీ సంచుల మీదుగా నడిచి వెళ్ళి, సేకరించిన ప్లాస్టిక్ యావత్తూ రహదారిలో వినియోగమైనట్టు కళ్ళారా చూసింది. నెలకి పదకొండు కిలోల నుంచి పదిహేను వందల ఇరవైకి ఎదిగిన పట్టణం ఇంకొకటి లేదు. వృద్ధి పదమూడు వేల ఏడు వందల శాతం.

విఠల్‌ప్రసాద్ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు.

"ప్లాస్టిక్ రోడ్డులో ఉన్నది. రోడ్డు మీద ఆటో నడిచినది. కనుక రోడ్డు పూర్తయినది. పూర్తయినట్టు మీరొక ధ్రువపత్రం ఇస్తే మెమో దానంతటదే నిర్వీర్యమవుతుంది. మీకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఆలోచించండి."

త్రిమూర్తులు ఆలోచించాడు. సంతకం పెడితే తను బయటపడతాడు, ఫైలు మూతపడుతుంది. కాగితం మీద వేసేసిన రోడ్డుని మళ్ళీ ఎవరూ వెయ్యరు. ఆ సాయంత్రం రోడ్డు మీద నాగరత్నం కనబడితే ఈసారి ఆ పక్కకి వెళ్ళలేదు. ఉన్నదంతా చెప్పాడు. పెట్టమనీ వద్దనీ ఆవిడ అనలేదు.

"మా గ్రూపులో ఇంకా ఇద్దరున్నారండి," అంది. "కాంతానికి మార్గశిరం అండి. రాజ్యానికి మాగం అండి."

అంతే చెప్పి వెళ్ళిపోయింది.

త్రిమూర్తులు ధ్రువపత్రం మీద సంతకం పెట్టలేదు. కానీ సంచుల్లోని ప్లాస్టిక్ కమిటీ కాగితంలో అప్పుడే ఖర్చయిపోయింది, ఇక రోడ్డు వెయ్యాలంటే మళ్ళీ మొదటినుంచీ పోగెయ్యాలి. ఆ పద్నాలుగు పేజీల ఉత్తర్వు ఇంటికి తీసుకెళ్ళాడు. అంతవరకు దాన్ని ఆఖరిదాకా చదివినవాళ్ళు లేరు, రాసినవాళ్ళతో సహా. పదకొండో పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఒక ముక్క కనబడింది. 'ఈ ఉత్తర్వులు గుంతలు పూడ్చు పనులకు వర్తించవు.'

మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. నీళ్ళు లాగేశాయి. టేపు రెండో కొస పట్టుకోవడానికి నాగరత్నం వచ్చింది. బస్టాండు దగ్గర మొదటి గుంత అంచున టేపు పెట్టి, "అమ్మా, ఈ గుంత ఎక్కడిదాకా ఉందో అక్కడ పట్టుకోండి" అన్నాడు.

ఆవిడ నడిచింది. ఆగి కిందికి చూసింది. మళ్ళీ నడిచింది. టేపు అయిపోయింది.

"ఇదెక్కడ అయిపోద్దండీ? ఇది అయిపోకుండానే ఆ పక్కది దీన్లో కలిసిపోయిందండి. అది అవతలదాంట్లో కలిసిందండి. మజ్జిలో గట్టేదీ నాకు కనపళ్ళేదండి." గేటు దాకా వెళ్ళి అక్కణ్ణించి కేకేసింది. "ఒకటేనండీ బాబూ! అంతా ఒకటే గుంతండి!"

త్రిమూర్తులు కొలతల పుస్తకం తెరిచి నిజాయితీగా రాశాడు. గుంతల సంఖ్య: ఒకటి. పొడవు: పన్నెండు వందల పది మీటర్లు. వెడల్పు: అయిదున్నర మీటర్లు. పని: పూడ్చి, పైన తారు పరచుట.

కమిషనరు ఎస్టిమేటు చూసి, సంఖ్య దగ్గర ఆగాడు. "ఒక గుంతా?"

"ఒకటేనండి."

"పట్టణమంతటికీ?"

"ఆ రోడ్డులోనండి."

విఠల్‌ప్రసాద్ పాత రిజిస్టరు తిప్పాడు. క్రితం ఏడు అదే రోడ్డులో నాలుగు వందల పన్నెండు గుంతలున్నాయి. ఆయన మొహం వెలిగిపోయింది. "నాలుగు వందల పన్నెండు నుంచి ఒకటికి! నా పరిపాలనాకాలంలో! ఈ ప్రగతిని ప్రత్యేక నివేదికగా పైకి పంపండి" అంటూ మిగతా అంకెలు చూడకుండానే సంతకం చేశాడు.

కార్తీకం నెలాఖరుకి గుంత పూడ్చారు. పని మొదలుపెట్టే ముందు త్రిమూర్తులుకి మనసు ఊరుకోక, ఎలాగూ కడిగి తరిగిన ప్లాస్టిక్ సంచుల్లో ఉంది, దాన్ని ఇందులో కలిపితే గట్టిగా నిలుస్తుందని రాసి అనుమతి అడిగాడు. గుంతలకు ప్లాస్టిక్ పొందు అర్హత లేదని జవాబొచ్చింది. సంచులు తవ్వి తీసి, బురద కడిగి, లెక్కపెట్టి, షెడ్డులో పెట్టి తాళం వేశారు. సంచులు వేసినందుకు ఆయన సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. ఆయన దాని కింద సంతకం పెట్టి, తేదీ వేసి, భోజనానికి వెళ్ళాడు.

నాణ్యతా విభాగం అధికారి తనిఖీకి వచ్చి రోడ్డు పొడవునా రెండుసార్లు కారులో తిరిగాడు. "నా సర్వీసులో ఇంత నున్నని గుంత చూడలేదు" అని రిజిస్టరులో రాసి వెళ్ళాడు. మునిసిపల్ పటంలో ఆ చోట ఇప్పటికీ రోడ్డు లేదు, పూడ్చిన గుంతే ఉంది.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున కాంతానికి నొప్పులొచ్చాయి. సత్తిపండు ఆమెని ఆటోలో ఎక్కించుకుని వచ్చి ఆసుపత్రి గేటు ముందు దింపాడు. కబురు అందుకున్న డాక్టరమ్మ ఇంకా జుట్టైనా ముడుచుకోలేదు.

"ఇంత తొందరగా ఎలా తెచ్చావయ్యా?" అని ఆశ్చర్యపోయింది.

"గుంతలో పడి వచ్చేసేనండి," అన్నాడు సత్తిపండు.